నల్లకొండల దారిలో

అమెరికా పడమటి సీమ అనగానే గుర్రం, తుపాకి, వెడల్పు టోపీ మన కళ్ళకు కడతాయి. 1971లో కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసిన తెలుగువారికి ఆ వేషం కొత్త కాదు. ఆ వేషం పుట్టిన నేలను చూడాలంటే దక్షిణ డకోటా రాష్ట్రంలో కారు ప్రయాణం చేయాలి.

తూర్పునుంచి వచ్చేవారికి గంటల తరబడి గడ్డి, ఆకాశం తప్ప మరేమీ కనిపించవు. ఇంతలో ఉన్నట్టుండి నేల విరిగి, గులాబి, పసుపు, బూడిద రంగుల చారలతో గుట్టలూ లోయలూ బయటపడతాయి. గాలీ వానా చెక్కిన ఈ వింత ప్రదేశమే బ్యాడ్‌లాండ్స్. దగ్గరలోనే వాల్ అనే చిన్న ఊరు. 1936లో అక్కడి మందుల షాపువారు, బేరాలు లేక, ‘చల్లని మంచినీళ్ళు ఉచితం’ అని రోడ్డు పక్కన బోర్డులు పెట్టారట. ఎండన పడి వచ్చే కార్లు అక్కడ ఆగడం మొదలుపెట్టాయి. ఈనాటికీ ఆగుతూనే ఉన్నాయి. మన చలివేంద్రంలో పుణ్యమే. వారికి వ్యాపారం కూడా కలిసివచ్చింది!

మరో గంట పడమటికి వెళితే కొండలు. పైన్ చెట్లు దట్టంగా కమ్ముకొని దూరానికి నల్లగా కనిపిస్తాయి గనుక లకోటా జాతివారు వీటిని ‘పహా సాపా’ అన్నారు. నల్లకొండలని అర్థం. ఇక్కడే రష్‌మోర్ కొండమీద నలుగురు అధ్యక్షుల ముఖాలు ఉన్నాయి. ఒక్కొక్కటి 60 అడుగుల ఎత్తు. 1927లో మొదలైన పని 1941 దాకా సాగింది. కొద్ది దూరంలో లకోటా వీరుడు క్రేజీ హార్స్ విగ్రహాన్ని 1948 నుంచి మరో కొండలో చెక్కుతున్నారు. అది ఇంకా పూర్తి కాలేదు.

ఉత్తరాన లోయలో డెడ్‌వుడ్ పట్నం ఉంది. 1876లో ఇక్కడ పేకాడుతుండగానే వైల్డ్ బిల్ హికాక్ అనే తుపాకి వీరుణ్ణి వెనకనుంచి కాల్చి చంపారు. వేసవిలో ఆ కాలపు కాల్పులను వీధిలో నాటకంగా ఆడి చూపిస్తారు. పిల్లలకు మహా సరదా.

ఐతే ఆ పట్నం వెలసిన నేల ఎవరిది? 1868 ఒడంబడికలో ఈ కొండలు లకోటాలవేనని ప్రభుత్వం ఒప్పుకొన్నది. 1874లో బంగారం బయటపడింది. జనం ఎగబడ్డారు. 1877లో ప్రభుత్వమే కొండలను లాక్కుంది. నూరేళ్ళు దాటాక, 1980లో, ఆ దేశపు సుప్రీంకోర్టు అది అన్యాయమని తేల్చి, వడ్డీతో సహా పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మన్నది. లకోటాలు ఆ సొమ్ము ముట్టలేదు. తాము కొండలు అమ్మలేదు గనుక వెల పుచ్చుకోమని వారి మాట. వడ్డీ పెరిగి అది నూరు కోట్ల డాలర్లు దాటింది. బ్యాడ్‌లాండ్స్ దక్షిణ భాగం కలిసి ఉన్న వారి పైన్ రిడ్జ్ ప్రాంతం మాత్రం అమెరికాలో అతి పేద ప్రాంతాలలో ఒకటి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళేవారు ఈ యాత్రకు మే చివరినుంచి సెప్టెంబరు దాకా ఎంచుకోవచ్చు. ఆగస్టు మొదట్లో మాత్రం, పక్కనున్న స్టర్జిస్‌లో మోటారు సైకిళ్ళ తిరునాళ్ళు జరుగుతాయి గనుక, గదులు దొరకవు. రష్‌మోర్ చూసి తిరిగివచ్చేటప్పుడు పైన్ రిడ్జ్ మీదుగా రండి. ఆ కొండల కథలో మిగతా సగం అక్కడ ఉంది.