పనిలో ఉన్న పాత వంతెన, సెలవు తీసుకున్న పాత వంతెన

మయూర్ విహార్‌కి బదిలీ మీద వచ్చిన ఏడాదిలోనే మా అమ్మాయికి యమున పరిచయమైంది. 2023 జులైలో నది 208.66 మీటర్లకు చేరినప్పుడు, ఖాదర్ పొలాల్లోని కుటుంబాలు పశువులతో సహా మా ఫేజ్-1 రోడ్డు పక్కకి వచ్చి గుడారాలు వేసుకున్నాయి. టీవీలో రోజూ చెప్పే ఆ నీటిమట్టం కొలిచేది పాత రైలు వంతెన దగ్గర. ఢిల్లీవాళ్లు దాన్ని ‘లోహే కా పుల్’ అంటారు. 1866లో కట్టినది. పైన రైళ్లు, కింద మోటార్లు. వరద తగ్గాక ఓ ఆదివారం దాని కిందుగా కారులో వెళ్లి చూపించాను.

2024 సంక్రాంతికి కొవ్వూరు వెళ్లినప్పుడు, నాన్నగారు మనవరాలిని పొద్దున్నే ఏటిగట్టు మీదకి నడకకి తీసుకెళ్లారు. వెనకాలే నేనూ బయల్దేరాను. గోష్పాద క్షేత్రం రేవు దగ్గర ఆగితే ఎదురుగా హేవలాక్ వంతెన. దాని మీద రైలు లేదు, మనిషి లేడు. పక్కనున్న కాంక్రీటు ఆర్చి వంతెన మీద గూడ్సు పోతోంది.

“తాతయ్యా, ఢిల్లీది దీనికంటే పెద్దది కదా వయసులో? అది పని చేస్తుంటే దీన్నెందుకు మూసేశారు?” అంది.

నాన్నగారు నావైపు చూసి, “ఒరేయ్, నువ్వు చెప్పు. ఎమ్‌బీఏ చదివావుగా,” అన్నారు. (ఈ మాట ఆయన ఏడాదికి నాలుగుసార్లయినా అంటారు.)

నాకు తెలిసింది చెప్పాను. అంతకుముందు మద్రాసు వైపు రైలు కొవ్వూరు దాకా, కలకత్తా వైపుది రాజమండ్రి దాకా. మధ్యలో గోదావరిని పడవల్లో దాటాలి. 1897 నవంబరులో పని మొదలుపెట్టి, 1900 ఆగస్టు 30న వంతెన మీద రాకపోకలు ప్రారంభించారు. మూడేళ్లు కూడా పట్టలేదు. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన వాల్టన్ దీనికీ చీఫ్ ఇంజనీరు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. రాతి స్తంభాలు, ఉక్కు గర్డర్లు, ఒక్కొక్కటి 45.7 మీటర్ల చొప్పున 56 ఖానాలు.

ఇక మూయడం సంగతి. ఉక్కు ఒక్క పెద్ద బరువుకి విరగకపోవచ్చు. కానీ రైలు వెళ్లిన ప్రతిసారీ గర్డరు కాస్త వంగి మళ్లీ లేస్తుంది. లక్షలసార్లు అలా జరిగితే లోహం అలిసిపోతుంది, రివెట్లు వదులవుతాయి. పైగా 1900 నాటి ఇంజను బరువు వేరు, ఇప్పటి గూడ్సు బరువు వేరు. ఢిల్లీలో లాగా రైళ్లని మెల్లగా నడిపి నెట్టుకురావచ్చు. చెన్నై–హౌరా ప్రధాన మార్గంలో అలా నిదానిస్తే వెనక వచ్చే బళ్లన్నీ ఆగుతాయి. పైగా దీని మీద ఉన్నది ఒకటే లైను. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చింది. 1997లో ఆర్చి వంతెన కూడా సిద్ధమయ్యాక దీనికి విశ్రాంతి ఇచ్చారు. కొత్తదానికి ఖానాలు 28 చాలాయి, సరిగ్గా సగం. ఆర్చి నుంచి వేలాడే కడ్డీలు పట్టాల కింది తలాన్ని మోస్తాయి కనుక ఒక్కో ఖానా దాదాపు 98 మీటర్లు సాగింది.

“అంటే ఇప్పుడు దీని విలువ సున్నానా?” అంది.

మన లెక్కల్లో అంతే. తరుగుదల పూర్తయిన ఆస్తి పుస్తకాల్లో ఒక్క రూపాయిగా మిగులుతుంది. తరువాత దాన్ని తుక్కుగా అమ్మితే ఎంత వస్తుందనే ఆలోచిస్తాం. ఈ వంతెనకీ ఆ మాట వచ్చింది. రాజమండ్రి జనం వద్దన్నారు. బ్రాంచిలో నేనే ఆ ఫైలు చూసి ఉంటే అమ్మమని రాసేవాడినేమో అని చెప్పేశాను.

నాన్నగారు వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, కాలేజీకి రోజూ దీని మీదే పాసింజరులో వెళ్లేవాడినని, మొదటి జీతం నాడు అర్ధరూపాయి నీళ్లలో వేశానని చెప్పారు. అది గర్డరుకి తగిలి టంగుమని వెనక్కొచ్చి పెట్టెలోనే పడిందట! మళ్లీ వేశారట.

2025 జూన్‌లో సుమారు 94 కోట్ల అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. హేవలాక్ వంతెనను పర్యాటక స్థలంగా మార్చడం అందులో భాగం. ఆ రోజు రాత్రి నాన్నగారు ఫోన్ చేసి అడిగింది ఒకటే: నడవనిస్తారా, లేక టికెట్టు పెట్టి బోటులోంచే చూడమంటారా అని. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లి కనుక్కుందామని చెప్పాను.