ఇంటి సర్వర్‌కు అసలు పరీక్ష

2021 జూన్ 1తో గూగుల్ ఫొటోస్‌లో లెక్కాపత్రం లేకుండా ఉచితంగా ఫొటోలు దాచుకునే వీలు పోయింది. అప్పటి నుంచి జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి ఒక ఖాతాకు దక్కేది 15 జీబీ. అంతకు మించితే నెలనెలా డబ్బు కట్టాలి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలను తీసేస్తామని 2023లో అదే సంస్థ ప్రకటించింది. కాలం చేసిన తాతయ్య ఖాతాలోని ఫొటోలు, పాస్‌వర్డ్ మరిచిపోయిన అమ్మమ్మ ఖాతాలోని పెళ్లి వీడియోలు ఈ నిబంధనలో చిక్కుకునేవే. ఎవరి వ్యాపారం వారిది, నిబంధనలు మార్చుకునే హక్కూ వారిదే. అందుకే ఇంటిల్లిపాది ఫైళ్లకు సొంత ఇంట్లో ఒక సర్వర్ ఉండాలంటాను. అయితే దాన్ని బిగించి ఆన్ చేసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. పోయిన ఫైలును అందులోంచి మళ్లీ తీయగలిగితేనే అది అక్కరకొచ్చినట్టు.

బిగించడం నిజానికి తేలిక భాగం. సర్వర్ అంటే రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండి, ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు అడిగిన ఫైళ్లను అందించే మరో కంప్యూటర్, అంతే. విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో మామూలుగా ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్లలో మూలపడి ఉన్నాయి. వాటిలో విండోస్ బదులు ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లైన డెబియన్ గానీ ఉబుంటు గానీ వేస్తే సర్వర్‌గా చక్కగా పనికొస్తాయి. సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెడితే అందులోని ఫోల్డర్ విండోస్ కంప్యూటర్లలో మామూలు డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫోన్లలోని ఫొటోలు వాటంతటవే వచ్చి చేరడానికి ఇమ్మిచ్ లాంటివి ఉన్నాయి. ల్యాప్‌టాప్ మూత వేయగానే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చాలి. సర్వర్ చిరునామా రోజుకొకటి మారకుండా రూటర్‌లో స్థిరపరచాలి. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ కాసేపు కాస్తుంది. రూటర్ కూడా ఇన్వర్టర్ మీద ఉంటేనే ఆ లాభం. బ్యాటరీ ఉబ్బిన పాత యంత్రాన్ని మాత్రం వాడకూడదు, ముందు ఆ బ్యాటరీ తీయించాలి.

చాలామంది పొరబడేది ఆ తర్వాతే. రెండు డిస్కులు పెట్టి రెయిడ్ పద్ధతిలో ఒకదాని నకలు మరోదాంట్లో ఉండేలా చేస్తారు, ఇక ఢోకా లేదనుకుంటారు. ఒక డిస్కు చెడిపోతే అది ఆదుకుంటుంది, నిజమే. కానీ పిల్లవాడు పొరపాటున పొలం పాస్‌బుక్ స్కాన్లున్న ఫోల్డర్ డిలీట్ చేస్తే, మరుక్షణమే రెండు డిస్కుల్లోనూ పోతుంది. ఇంట్లో ఒక విండోస్ కంప్యూటర్‌కు ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ సోకితే, దానికి రాసే అనుమతి ఉన్న సర్వర్ ఫోల్డర్‌కూ తాళం పడుతుంది. కాబట్టి పిల్లల ఖాతాలకు ముఖ్యమైన ఫోల్డర్లను చదవడానికే ఇవ్వాలి. వారానికోసారి నకలు తీసి, వెంటనే కేబుల్ ఊడదీసి పక్కన పెట్టే డిస్కు ఒకటి తప్పనిసరి. నెలకోసారి ఆ డిస్కులోంచి ఏదో ఒక ఫైలు వేరే కంప్యూటర్‌లోకి తీసి, తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే.

ఇంట్లో పెట్టుకున్నదానికి భద్రత ఏదంటారు కొందరు. సరైన ప్రశ్నే. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ పరికరాల్లోని డేటాను ఇంటర్నెట్ ద్వారా దుండగులు తుడిచేశారు; వాటికి అప్‌డేట్లు 2015లోనే ఆగిపోయాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ క్యూనాప్ నిల్వ పరికరాల మీద పడింది. ఇలా దెబ్బతిన్నవి నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన పరికరాలు. కాబట్టి రూటర్‌లో పోర్టులు తెరవకండి. డాలస్‌లో ఉన్న అమ్మాయికి ఫొటోలు కావాలంటే టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ దారి చాలు. మన దగ్గర చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, ఆ చిక్కూ దీంతోనే తీరుతుంది. సర్వర్‌కు భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టాలి.

కరెంటు బిల్లు మాటకొస్తే, 10 వాట్లు తీసుకునే చిన్న యంత్రానికి నెలకు దాదాపు 7 యూనిట్లు అవుతాయి. 70 వాట్లు లాగే పాత డెస్క్‌టాప్ అయితే 50 యూనిట్లు దాటుతుంది. దానికన్నా ల్యాప్‌టాపే నయం. నిర్వహణ భారం మాత్రం కాదనలేనిది. నెలకో గంట కేటాయించే మనిషి ఇంట్లో లేకపోతే క్లౌడ్‌కు డబ్బు కట్టడమే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు. ఆ మనిషి ఉన్నా, పాస్‌వర్డ్‌లు, ఫైలు తిరిగి తీసే పద్ధతి కాగితం మీద రాసి మరొకరికి నేర్పాలి.

ఇక అగ్నిప్రమాదం, దొంగతనం. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరే కాలిపోయింది, వేరే చోట నకలు పెట్టుకోని ఖాతాదారులు డేటా పోగొట్టుకున్నారు. పెద్ద సంస్థకైనా మన ఇంటికైనా దీనికి విరుగుడు ఒక్కటే: ఒక నకలు మరో ఊళ్లో ఉండాలి. అన్నదమ్ములు ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు విజయవాడలో ఉంటే వారి ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ చేసి వీరింట్లో, వీరివి వారింట్లో పెట్టుకోవచ్చు. దానికి అయ్యే ఖర్చు చెరో హార్డ్ డిస్కు.