పెద్దాస్పత్రికి ఎన్ని గేట్లు?



ఏటా ఈ సంచిక చివర జమాఖర్చుల పట్టిక వేస్తాం. అందులో ‘వైద్య సహాయం’ అనే పద్దుకు ఎదురుగా ఒక అంకె ఉంటుంది. ఆ సొమ్ములో రోగికి నిజంగా పనికొచ్చినది ఎంత, మా తెలియనితనం వల్ల బస్సుల్లోనూ ఆటోల్లోనూ కరిగిపోయినది ఎంత అని మీరెప్పుడూ అడగలేదు. అడగకపోవడం మీ పెద్దమనసు. అయినా చెప్పవలసిన బాధ్యత మాకుంది.

గరివిడికి దగ్గర్లో ఒక పల్లె నుంచి ఒక పెద్దావిడ మా దగ్గరకు వచ్చింది. నోటి పైభాగాన పుండు పడి మానడం లేదు. అడ్డచుట్ట అలవాటు ఉన్న మనిషి. “మేస్టారూ, గంజి కూడా దిగట్లేదు బాబూ” అంది. మాకు తెలిసిన వైద్యం ఒకటే: చేతిలో దారిఖర్చు పెట్టి “విశాఖ పెద్దాస్పత్రికి వెళ్లమ్మా” అనడం. (ఆమెకు ఇచ్చింది జకాత్ నిధి కాదు, సదకా నిధి. ఈ రెండు ఖాతాలూ మేము కలపం.) ఆమె వెళ్లింది. వెళ్లిన చోట చూసి, ఈ జబ్బు చూసే ఆస్పత్రి వేరే ఉందని చెప్పారు. అక్కడికి చేరేసరికి ఓపీ అయిపోయింది. రెండోసారి సరైన చోటికే వెళ్లింది, ముక్క తీసి పరీక్షకు పంపారు, ఫలానా రోజు రమ్మన్నారు. ఆ రోజు ఇంట్లో తోడు దొరక్క మర్నాడు వెళ్లింది. మర్నాడు ఆమెను చూసిన డాక్టర్ల ఓపీ లేదు. పాత చీటీ ఇంట్లో మరిచిపోయింది. ఇలా రెండు నెలలు పోయాయి. ఆ రెండు నెలల్లో పుండు పెరిగింది. తర్వాత ఆపరేషన్ జరిగింది, మనిషి దక్కింది. కానీ అంగిలి కొంత తీసేయడంతో ఇప్పుడు ఆమె మాట ముక్కుతో వస్తుంది.

ఇందులో తప్పు ఆమెది కాదు, చూసిన డాక్టర్లదీ కాదు. దారి తెలియకుండా దారిఖర్చు ఇచ్చిన మాది. పాఠం తనకే అర్థం కాకుండా పిల్లలకు చెప్పబోయిన ఉపాధ్యాయుడి పరిస్థితి మాకు పట్టింది. అందుకని ఈ ఏడాది ముందు మేము నేర్చుకున్నాం. నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాం.

మనం కె.జి.హెచ్. అనేది ఒకే ఆస్పత్రి అనుకుంటాం. అది ఒక కుటుంబంలో పెద్దన్న మాత్రమే. ఆ కుటుంబానికి ఇంటిపేరు ఆంధ్ర వైద్య కళాశాల. విశాఖలో 1845లో ఒక చిన్న సివిల్ డిస్పెన్సరీగా మొదలైన వైద్యం 1857లో ముప్పై మంచాల ఆస్పత్రి అయింది. 1923 జూలైలో అక్కడ వైద్య కళాశాల తెరిచారు. అదే నెల 19న కింగ్ జార్జి ఆస్పత్రిని అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి పానగల్ రాజా ప్రారంభించారు. ఆస్పత్రీ కళాశాలా ఒకే ఏడాది, ఒకే ఆవరణ చుట్టూ పుట్టడం కాకతాళీయం కాదు. మంచం పక్కన నిలబడి నేర్చుకున్నదే వైద్యవిద్య అన్న పద్ధతి అప్పటికి ప్రపంచమంతా పాకింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 1889లో ఆస్పత్రినీ 1893లో కళాశాలనూ తెరిచి ఈ పద్ధతికి దారి వేశారు.

ఆ తర్వాత ఈ కుటుంబం పెరిగింది. చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రి, ప్రాంతీయ కంటి ఆస్పత్రి, ఛాతీ, అంటువ్యాధుల ఆస్పత్రి, మానసిక ఆస్పత్రి, రాణి చంద్రమణీదేవి ఆస్పత్రి, ఇవన్నీ వాల్తేరు వైపు ఉన్నాయి. స్త్రీలకూ పసిబిడ్డలకూ విక్టోరియా ఆస్పత్రి పాతనగరంలో, వన్‌టౌన్‌లో ఉంది. కె.జి.హెచ్. మహారాణిపేటలో. అంటే ఒకే కళాశాల కింద ఉన్న ఆస్పత్రులు నగరంలో అటు కొసా ఇటు కొసా ఉన్నాయి. గుండె, మెదడు, మూత్రపిండాలు, ప్లాస్టిక్ సర్జరీ లాంటి ప్రత్యేక విభాగాలు మాత్రం కె.జి.హెచ్.లోనే ఉంటాయి. హనుమంతవాకలోని విమ్స్‌ కూడా ప్రభుత్వానిదే, కానీ దాని పాలన వేరు. ఇంకా దూరాన అగనంపూడిలో ఉన్న హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ సెంటర్‌ది, అంటే కేంద్ర అణుశక్తి శాఖ కిందిది. మన పల్లె మనిషికి ఇవన్నీ “వైజాగ్ పెద్దాస్పత్రి” అన్న ఒక్క మాటలో కలిసిపోతాయి. తికమక అక్కడే మొదలవుతుంది.

విక్టోరియా ఆస్పత్రిని ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ‘ఘోషాస్పత్రి’ అంటారు. విజయనగరంలోనూ ఒక ఘోషాస్పత్రి ఉంది. ఈ పేరు మన ఇళ్లలోది. గోషా అంటే మూల, మరుగు. పరదాలో ఉండే ఆడవాళ్లు మగ డాక్టరు చేత చూపించుకోక ప్రాణాలు పోగొట్టుకుంటున్న కాలంలో, ఆడ డాక్టర్లతో, ఆడవాళ్ల కోసమే కట్టిన ఆస్పత్రులకు ఆ పేరు వచ్చింది. మద్రాసులో 1885లో డాక్టర్ మేరీ షార్లీబ్ మొదలుపెట్టిన ఆస్పత్రికీ అదే పేరు. దాని కోసం మన తెలుగు జమీందారు వెంకటగిరి రాజా లక్ష రూపాయలు ఇచ్చారు. అప్పట్లో లక్ష! ఒక మతం వాళ్ల ఆచారాన్ని గౌరవించి ఇంకో మతం వాళ్లు కట్టించిన ఆస్పత్రిలో అన్ని మతాల తల్లులూ నేటికీ పురుడు పోసుకుంటున్నారు. మన దాతలు ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది అనిపించి కాస్త పక్కకు వెళ్లాం.

ఈ కుటుంబాన్ని నడిపేది ఎవరు? కళాశాలకు ప్రిన్సిపాల్, ప్రతి ఆస్పత్రికీ ఒక సూపరింటెండెంట్. మందులు, మంచాలు, నర్సులు, శుభ్రత సూపరింటెండెంట్ చూసుకుంటారు. పాఠాలు, పరీక్షలు ప్రిన్సిపాల్ చూసుకుంటారు. ఇద్దరి పైనా వైద్యవిద్య సంచాలకులు. పట్టా ఇచ్చేది మాత్రం విశ్వవిద్యాలయం: మొదట మద్రాసు, తర్వాత ఆంధ్ర, 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టాక అది. డాక్టరు మాత్రం ఒక్కరే. తరగతిలో ప్రొఫెసర్, వార్డులో వైద్యుడు. ఆయన వెనక పదిమంది పిల్లలు తిరుగుతుంటే మన రోగి “నా మీద ప్రయోగాలు చేస్తున్నారు” అని భయపడతాడు. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే విసుక్కుంటాడు. నిజానికి ఆ నలుగురు అడగడం వల్లే ఒకరు మరిచింది ఇంకొకరికి దొరుకుతుంది. ఈ మాట రోగికి ముందే చెప్పి పంపితే సగం భయం తగ్గుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది యూనిట్. మెడిసిన్, సర్జరీ లాంటి పెద్ద విభాగాలను యూనిట్లుగా పంచుతారు. ఒక్కో యూనిట్‌కు ఒక చీఫ్, ఆయన కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, మూడేళ్లు చదివే పీజీలు, ఏడాది పనిచేసే హౌస్ సర్జన్లు, వాళ్ల వాటాకు కొన్ని మంచాలు. ప్రతి యూనిట్‌కూ వారంలో ఓపీ రోజులు ఉంటాయి. సోమవారం చూసిన యూనిట్ దగ్గరే రోగి కథంతా ఉంటుంది. మంగళవారం వెళితే ఎదురుగా ఉన్న డాక్టరు ఎంత మంచివాడైనా కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మనం బడిలో ‘సెవెంత్ బి’ అన్నట్టు, రోగి తన యూనిట్ పేరు, ఓపీ రోజు నోటికి నేర్చుకోవాలి. ఆ పెద్దావిడకు మేము చెప్పవలసిన మొదటి పాఠం ఇదే. చెప్పలేదు, మాకే తెలియదు కాబట్టి.

మన ఊరి నుంచి విశాఖ దాకా ఉన్న ప్రభుత్వాస్పత్రులన్నీ ఒకే యజమాని కింద ఉండవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య విభాగానివి. చీపురుపల్లి స్థాయి ఆస్పత్రులు వైద్య విధాన పరిషత్ అని మనం చాలాకాలం పిలిచిన విభాగానివి. బోధనాస్పత్రులు వైద్యవిద్య విభాగానివి. ఒకచోట రాసిన మాట ఇంకోచోటికి దానంతట అది వెళ్లదు. చీటీ రూపంలో రోగి చేతిలోనే వెళుతుంది. అందుకే రిఫరల్ చీటీ అంత విలువైనది.

2023 సెప్టెంబరులో మన దగ్గర ఒక పెద్ద మార్పు జరిగింది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, 150 ఎంబీబీఎస్ సీట్లతో. మనవాళ్లు ఇప్పటికీ మహారాజా ఆస్పత్రి అనే పిలిచే జిల్లా ఆస్పత్రి ఆ కళాశాలకు బోధనాస్పత్రి అయింది. ఘోషాస్పత్రి కూడా ఆ గొడుగు కిందికే వచ్చింది. పేరు మారితే ఏముంది అనుకోవచ్చు. కానీ కళాశాల వస్తే ప్రొఫెసర్లు రావాలి, విభాగాలు తెరవాలి, రాత్రిపూట హౌస్ సర్జన్లు ఉండాలి. మొదటి బ్యాచ్ ఇంకా చదువుతోంది కాబట్టి అన్నీ ఇప్పుడే ఆశించలేం. అయినా ఇదివరకు నేరుగా విశాఖ పంపిన కేసుల్లో కొన్నిటిని ముందు విజయనగరంలో చూపించమని చెబుతున్నాం. గరివిడి నుంచి అది మూడోవంతు దూరం. అటు శ్రీకాకుళంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. నెల్లిమర్లలో మిమ్స్, రాగోలులో జెమ్స్ ప్రైవేటు వైద్య కళాశాలలు.

కళాశాల ఉన్న ఆస్పత్రికి మూడో పని కూడా ఉంటుంది. అది పరిశోధన. దానికి ఉదాహరణ మన పెద్దావిడ చుట్టే. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన ఉత్తరాంధ్ర తీరానిది, ముఖ్యంగా ఆడవాళ్లది. దానివల్ల అంగిలికి కేన్సర్ వస్తుందని 1950ల్లోనే ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు తమ దగ్గరికొచ్చిన రోగులను చూసి రాశారు. తర్వాత శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో దేశ విదేశాల నిపుణులు ఇల్లిల్లూ తిరిగి నోళ్లు పరీక్షించారు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ దంతవైద్యం చదివినా ఈ జబ్బు పాఠంలో మన ప్రాంతం పేరు వస్తుంది. ప్రపంచానికి పాఠమైన సంగతి మన వీధిలో ముసలమ్మకు చేరలేదు. ఇది ఆస్పత్రి చేసే పని కాదు, మనలాంటి సంఘాలు చేయవలసినది. వచ్చే నెల నుంచి మా సభ్యులు వెళ్లే పల్లెల్లో అడ్డచుట్ట తాగేవాళ్లను నోరు చూపించుకోమని అడగాలని నిర్ణయించాం.

హైదరాబాదులో బంధువులున్నవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. ఉస్మానియా చుట్టూ నీలోఫర్ పిల్లల ఆస్పత్రి, పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రి, సరోజినీదేవి కంటి ఆస్పత్రి ఇలాగే అల్లుకున్నాయి. అక్కడ 1846లో మొదలైన వైద్య పాఠశాలలో పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు.

ఇప్పుడు డబ్బు సంగతి. ప్రభుత్వాస్పత్రిలో ఓపీ, మంచం, ఆపరేషన్ ఉచితం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం, మొదటి విడతలోనే మన పక్క శ్రీకాకుళం జిల్లాలో వచ్చినది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. బియ్యం కార్డు, ఆధార్ ఉంటే నెట్‌వర్క్‌లోని ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ చాలా జబ్బులకు వర్తిస్తుంది. ఆస్పత్రిలో వైద్యమిత్ర దగ్గర ముందే అడగాలి. కిందటేడు ఒక కుటుంబం అడ్వాన్సు కట్టేశాక మా దగ్గరికి వచ్చింది. చందాలు పోగుచేసి మిగతాదీ కట్టాం. ఆ ఆపరేషన్ పథకంలో ఉందని తర్వాత తెలిసింది. ఆ చందా ఇచ్చినవాళ్లలో మీరూ ఉన్నారు, క్షమించాలి.

మరి ఉచితం కానిది ఏమిటి? తోడు వచ్చిన మనిషి తిండి, పది రోజుల కూలి పోవడం, రాత్రి తల దాచుకునే చోటు, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి ఆటో, రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు బదులు ఇచ్చే మనిషి. జకాత్ తీసుకోదగిన ఎనిమిది వర్గాల్లో దారిలో చిక్కుకున్న బాటసారి ఒకరు. వార్డు బయట మెట్ల మీద పడుకున్న మన ఊరి మనిషి ఆ లెక్కలోకి వస్తాడా అన్నది ఉలమాలు చెప్పవలసిన మాట. వారిని అడిగి, వారు చెప్పినట్టే ఖాతా రాస్తాం.

ఈ ఏడాది నుంచి రోగి చేతికి నగదు ఇచ్చే ముందు ఒక గుడ్డ సంచి ఇస్తున్నాం. అందులో ఒక ఫైలు, అట్ట మీద పెద్ద అక్షరాలతో ఆస్పత్రి పేరు, అది ఏ పేటలో ఉందో, యూనిట్, ఓపీ రోజు. లోపల కార్డుల నకళ్లు, పాత చీటీలన్నీ వరసలో. తెలుగు చదవలేని పెద్దలకు ఉర్దూలోనూ రాస్తున్నాం. దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ. ఎక్కువ కావలసింది మనుషులు. తెల్లవారుజాము బండికి రోగితో పాటు ఎక్కి, ఓపీ లైన్లో నిలబడి, సాయంత్రం తిరిగి తీసుకురాగల తోడు మనుషులు. ముగ్గురు కుర్రాళ్లు పేర్లు ఇచ్చారు. ఆడరోగులతో వెళ్లడానికి ఇద్దరు ఆడవాళ్లు కావాలని అడిగితే, రిటైరైన ఒక అంగన్‌వాడీ ఆపా ముందుకొచ్చారు. రెండో పేరు కోసం చూస్తున్నాం.