తండ్రి మునసబైతే కొడుకూ మునసబేనా?

బాలలూ! మన కృష్ణా డెల్టా పల్లెల్లో ఒకప్పుడు సర్కారంటే కరణం, మునసబులే. కరణం భూముల లెక్కలు రాసేవాడు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు. తండ్రి తరువాత ఆ ఉద్యోగం కొడుకుకే! ఊరు రెండుగా చీలినా, కొత్త ఊరి పదవి పాత కుటుంబం వారికే ఇవ్వాలని 1895 నాటి మద్రాసు చట్టం చెప్పింది.

1956లో తెనాలి తాలూకా పెరవలి నుంచి పెరవలిపాలెం వేరుపడింది. దాని మునసబు పదవి కూడా పాత మునసబు కుటుంబానికే దక్కింది. పోటీపడిన మరొకాయన ఊరుకోక సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ప్రభుత్వోద్యోగానికి వంశం చూడరాదని రాజ్యాంగం 16వ అధికరణంలో ఉన్నది గదా! 1960 డిసెంబరు 6న కోర్టు ఆయన పక్షమే తీర్పు చెప్పింది.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదవులనే ఎత్తివేసింది. 2019లో గ్రామ సచివాలయాల ఉద్యోగాలకు లక్షలమంది పరీక్ష రాశారు. మీ నాన్న మునసబా అని వారినెవరూ అడగలేదు!