చుక్క వెంట తడబడే చూపు

గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగే చుక్కను తల కదపకుండా చూడమంటే, మామూలుగా కళ్లు దాని వెంట మెత్తగా జారిపోతాయి. స్కిజోఫ్రెనియా ఉన్నవారిలో చాలామందికి ఆ చూపు వెనకబడుతుంది, చుక్కను అందుకోవడానికి చిన్న చిన్న గెంతులు వేస్తుంది. కాగితం మీద గీస్తే అలలా రావలసిన గీత మెట్లుమెట్లుగా వస్తుంది. 1908లో డిఫెండార్ఫ్, డాడ్జ్ గమనించి రాసిన ఈ సంగతి చాన్నాళ్లు మరుగున పడింది. 1973లో ఫిలిప్ హోల్జ్‌మన్ బృందం దాన్ని మళ్లీ బయటికి తీసింది. మరుసటి ఏడాది అసలు విశేషం తేలింది: రోగుల దగ్గరి బంధువుల్లో, ఏ జబ్బూ లేనివారిలో కూడా, చాలామందికి చూపు అలాగే తడబడుతోంది. అంటే ఆ మెట్లగీత జబ్బుకు చోటిచ్చే వారసత్వానికి ఆనవాలు అయ్యుండాలి. ఇలాంటి గుర్తుల విలువంతా అక్కడే ఉంది, వాటితో జోస్యం చెప్పబోతేనే పేచీ.

జోస్యం సాధ్యమే అనిపించే ఆధారాలు లేకపోలేదు. అమెరికాలో ఎలేన్ వాకర్ 1990లలో, పెద్దయ్యాక ఈ జబ్బు వచ్చినవారి పసితనంలో ఇంట్లోవాళ్లు తీసుకున్న ఫిల్ములు సేకరించారు. ఎవరికి జబ్బు వచ్చిందో తెలియనివారికి వాటిని చూపించి కదలికలు గుర్తింపజేశారు. ఆ పిల్లల్లో, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, చేతులు వింతగా పెట్టడం, కదలిక కుదురుగా లేకపోవడం తోబుట్టువుల కంటే ఎక్కువగా కనిపించాయి. 2012లో అబర్డీన్ పరిశోధకులు కొన్ని కంటి పరీక్షలు కలిపి రోగులనూ ఆరోగ్యవంతులనూ 98 శాతం కచ్చితత్వంతో వేరుచేశామన్నారు. ఇంకేం కావాలి అంటారు. కానీ జబ్బు వచ్చేసినవారిని పోల్చుకోవడం ఒక పని, ఇంకా ఏమీ రాని పదిహేనేళ్ల కుర్రాడి గురించి ముందే చెప్పడం మరో పని. వాకర్ ఫిల్ములూ వెనక్కి తిరిగి చూసినవే. చేతులు కుదురుగా లేని పసివాళ్లు ఏ వీధిలో లేరు?

ఈ జబ్బు జీవితకాలంలో నూటికి సుమారు ఒకరికి వస్తుంది. నూటికి 90 పాళ్లు గురి తప్పని పరీక్ష ఒకటి ఉందనుకుందాం. వెయ్యిమందిలో జబ్బు రాబోయే 10 మందిలో 9 మందిని అది పట్టుకుంటుంది. రాని 990 మందిలో 99 మందినీ పట్టుకుంటుంది. అంటే పట్టుబడినవారిలో ఎక్కువమందికి జబ్బు రాదు, ముద్ర మాత్రం పడుతుంది. పెళ్లి సంబంధం కుదిరేముందు ‘వాళ్లింట్లో ఎవరికో మతి బాగోలేదట’ అన్న గుసగుసే మన దగ్గర చాలు, దానికి ల్యాబ్ రిపోర్టు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. పోనీ, కుటుంబంలో జబ్బు ఉన్నవారికే పరీక్ష చేద్దామంటే లెక్క కొంత మెరుగుపడే మాట నిజమే. అయినా ఒకే జన్యువులతో పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బు ఉన్నా, రెండోవారికి వచ్చేది సగం సందర్భాలకు మించదు. 2022లో ఈ జబ్బుతో ముడిపడ్డట్టు తేల్చిన 287 జన్యుస్థానాల్లో చాలావాటి పాలు విడివిడిగా చూస్తే బహు స్వల్పం. అందుకే ఆరోగ్యంగా ఉన్న ఆ బంధువులే నాకు ఎక్కువ ఆసక్తికరం. చూపు తడబడినా జబ్బు రాకుండా వాళ్లలో ఏది అడ్డుపడిందో వెతకడానికి, ముందుగా వాళ్లు ఎవరో తెలియాలి కదా; ఆ మెట్లగీత చూపించేది వాళ్లనే.