మిషిను కుట్టే అమ్మకు సలికాలం పొద్దు సాలది

ఆదిలాబాద్ దిక్కు డిసెంబర్, జనవరిల సలి గజగజ వణికిస్తది. గప్పుడే సంక్రాంతి వస్తది, కెస్లాపూర్ నాగోబా జాతరొస్తది, ఎనుకనే మాఘమాసం లగ్గాలు. ఇంట్ల మిషిను కుట్టే ఆడోళ్లకు గిరాకీ పెరిగేది, పొద్దు తగ్గేది ఒక్కపారే.

నల్ల గుడ్డ మీద నల్ల దారం బుగ్గ ఎలుతురుకు కంటికి ఆనదు, పగటీలే కుట్టాలె. కని పగలు ఆమె చేతిల ఉండదు. పొద్దుగాల నీళ్లు కాగవెట్టాలె. ఉతికిన గుడ్డలు జెల్దిన ఆరయి. ముక్కు దిబ్బడేసిన పసిబిడ్డ పాలు సక్కగ తాగక మాటిమాటికి లేస్తది. ఇగ మిషిను మీద కూసునేది అందరు పన్నంకనే. సల్లటి ఇనుప పెడల్ మీద కాళ్లు తిమ్మిరెక్కుతయి, హుక్కులు కుట్టవోతె వేళ్లు వంగయి.

గందుకే కొందరు తలుపులేసుకొని బొగ్గుల కుంపటి పెట్టుకుంటరు. అది శాన ప్రమాదం. మూసిన అర్రల బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ నిండుతది. వాసన రాదు, కంటికి కనవడదు, నిద్రలనే తల్లీబిడ్డల పానం తీస్తది. కింద గుడ్డపేలికలుంటయి, ఒక్క నిప్పురవ్వ సాలు. కాళ్లకు మేజోళ్లేసుకొనుడు, మిషిను ఎండొచ్చే కిటికీ కాడికి జరుపుడు నయం.

"ఇంట్ల కూసోని కుట్టుడే గద" అని జాకిట్ రేటు కాడ బేరం చేస్తరు. ఆ పైసలల్ల నిద్ర లేని రాత్రి లెక్క లేనే లేదు. తమ్మీ, పగటీలి రెండు గంటలు పసిబిడ్డను నువ్వెత్తుకో, నీళ్లు నువ్వు కాగవెట్టు. హుక్కులు కుట్టుడు మొగోళ్ల పని కాదంటవా? ఊర్లల్ల పాత టైలర్లు శానమంది మొగోళ్లే. జాకిట్ గుడ్డ ఇచ్చేటోళ్లు పండుగ ముందురోజు కాదు, పదిరోజుల ముందే ఇయ్యుండ్రి.