గొంతు మామూలే... పాట మాత్రం మనదే!

అరీతా ఫ్రాంక్లిన్‌ పాడితే గుండె ఝల్లుమంటుంది. అదే పాటను కేరోల్‌ కింగ్‌ పాడితే పక్కింటి అక్కయ్య పనిచేసుకుంటూ కూనిరాగం తీసినట్టుంటుంది. మరి ఏది బాగుంది? పాప్‌ సంగీతాన్ని ఇష్టపడేవాళ్లు నలుగురు చేరితే ఓ పట్టాన తెగని ముచ్చట ఇది. ఆ ముచ్చటకు కారణం 1971 ఫిబ్రవరి 10న విడుదలైన 'ట్యాపెస్ట్రీ' ఆల్బమ్‌.

తెర వెనక పదేళ్లు

మన సినిమాల్లోలాగే అప్పట్లో అమెరికా పాప్‌లోనూ చాలావరకు పాట రాసేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. భర్త జెర్రీ గాఫిన్‌ సాహిత్యం రాస్తే కేరోల్‌ బాణీ కట్టేది. ద షిరెల్స్‌ బృందం పాడిన 'విల్‌ యు లవ్‌ మి టుమారో' (1960), అరీతా పాడిన 'ఎ నేచురల్‌ ఉమన్‌' (1967) అలా పుట్టినవే. పాటలేమో అందరి నోటా వినిపించేవి. బాణీ కట్టిన మనిషి ఎవరో మాత్రం చాలామందికి తెలియదు.

ఆ తర్వాత భార్యాభర్తలు విడిపోయారు. ఇద్దరు ఆడపిల్లలతో కేరోల్‌ లాస్‌ఏంజెలెస్‌ చేరింది. 1970లో 'రైటర్‌' పేరుతో తొలి సోలో ఆల్బమ్‌ తెస్తే పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది మళ్లీ ధైర్యం చేసింది. ఈసారి ఆ రెండు పాత పాటల్నీ తనే పాడింది.

నచ్చనిదీ అదే... నచ్చిందీ అదే!

'ట్యాపెస్ట్రీ' మీద వినిపించే ప్రధానమైన అభ్యంతరం గొంతు గురించే. పై స్థాయికి వెళ్లేసరికి కాస్త బొంగురుపోతుంది. గమకాల మెరుపులుండవు. అరీతా పాటతో పోల్చి చూస్తే వెలితి తెలుస్తూనే ఉంటుంది.

అభిమానులు మెచ్చుకునేదీ ఆ గొంతునే. నిర్మాత లూ ఆడ్లర్‌ వాద్యాల హోరు పెట్టలేదు. పియానో, గొంతు... ఆ రెండే ముందు వినిపిస్తాయి. షిరెల్స్‌ పాడినప్పుడు 'విల్‌ యు లవ్‌ మి టుమారో' తొలిప్రేమలో ఉన్న పడుచుపిల్ల బెంగ. కేరోల్‌ దాన్నే నెమ్మదిగా, ఆగి ఆగి పాడింది. అవే మాటలు, అదే బాణీ. కానీ, వింటుంటే ఓ కాపురం విడిపోవడం చూసిన మనిషి అడుగుతున్నట్టు ఉంటుంది. అట్టమీద బొమ్మా అంతే... జీన్స్‌ వేసుకుని, ఒట్టి కాళ్లతో కిటికీ దగ్గర కూర్చున్న కేరోల్‌, పక్కన పెంపుడు పిల్లి. తారల తళుకులేవీ లేవు.

ఆ పాట పక్కన పెట్టేసింది!

ఆల్బమ్‌లో మరో పాట మీద వేరే పేచీ ఉంది. 'వేర్‌ యు లీడ్‌'లో ప్రియుడు ఎక్కడికి నడిపిస్తే అక్కడికి వస్తానంటుంది అమ్మాయి. స్త్రీల హక్కుల ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. కాలంతోపాటు ఆలోచనలూ మారాయి. కేరోల్‌ కూడా ఆ పాటను కచేరీల్లో పాడటం మానేసింది. 2000లో 'గిల్మోర్‌ గాళ్స్‌' అనే టీవీ సీరియల్‌ కోసం మాటలు మార్చి, పెద్దకూతురు లూయీస్‌తో కలిసి మళ్లీ పాడింది. ప్రియుడి వెంట నడిచే పాట తల్లీకూతుళ్ల అనుబంధమైంది!

శ్రోతల తీర్పు

మొత్తమ్మీద వినేవాళ్లు ఎటు మొగ్గారు? 'ట్యాపెస్ట్రీ' అమెరికాలో 15 వారాలు నంబర్‌వన్‌గా నిలిచింది. 1972లో 4 గ్రామీలు అందుకుంది. ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. 2016లో లండన్‌ హైడ్‌పార్క్‌లో కేరోల్‌ తొలిసారి ఆల్బమ్‌ మొత్తాన్నీ వరసగా వేదికమీద పాడింది. అప్పటికి ఆమె వయసు 74 ఏళ్లు!

ఇక అరీతాతో పోలికంటారా... 2015లో కేరోల్‌కి కెనెడీ సెంటర్‌ సత్కారం జరిగినప్పుడు, 'ఎ నేచురల్‌ ఉమన్‌'ని అరీతాయే వచ్చి పాడింది. పైన బాల్కనీలో కూర్చున్న కేరోల్‌ సంతోషం పట్టలేకపోయింది. పోటీ అంతా మనలాంటి శ్రోతలకే తప్ప వాళ్లిద్దరికీ లేదన్నమాట. వీలైతే రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. ఒకటి చప్పట్లు కొట్టిస్తుంది, రెండోది మీతోపాటు పాడుకోనిస్తుంది.